గాలం వేసేవాడికి చెరువు మీద చోటివ్వాలి

చెరువు కట్ట మీద గాలం వేసుకుని కూర్చున్న మనిషిని మన దగ్గర ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పనీపాటా లేక అక్కడ చతికిలబడ్డాడని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. చేపలు ఎత్తుకుపోవడానికి వచ్చాడని చెరువు పాడుకున్నవాళ్ళు అనుమానిస్తారు. సంచిలో సీసా ఉందేమోనని దారిన పోయేవాళ్ళు తొంగి చూస్తారు. ఇక ప్రభుత్వాలు చేపల గురించి మాట్లాడినప్పుడల్లా మత్స్యకారులు, సహకార సంఘాలు, గుత్తేదార్లు, రొయ్యల రైతుల పేర్లే వినిపిస్తాయి. సెలవు రోజున సరదాకి గాలం వేసే గుమాస్తా, స్కూటర్ మెకానిక్కు, రిటైరైన లెక్కల మాస్టారు ఊసే రాదు.

ఆ ఊసు రావాలి. వీళ్ళ దగ్గర రుసుం కట్టించుకుని, చేతికి ఒక కార్డిచ్చి, చెరువు మీద చోటు చూపించాలి. సరదారాయుళ్ళ ముచ్చట తీర్చడం ప్రభుత్వం పనా అని అడిగేవాళ్ళు ఉంటారు. చెరువుకి కాపలా కావాలి. ఈ మనిషి ఎదురు డబ్బిచ్చి మరీ కాపలా కాస్తానంటున్నాడు. వద్దనడానికి కారణం కనిపించదు.

ముందు అతని ఆదివారం ఎలా గడుస్తుందో చూద్దాం. హైదరాబాదు శివార్లలో ఏ చెరువు దగ్గరైనా ఇదే తంతు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పిండి కలుపుతాడు. గోధుమపిండి, అందులో సగం పల్లిచెక్క పొడి, గుప్పెడు తవుడు. కొందరు సోంపు వేయించి పొడి చేసి వేస్తారు, కొందరు వెల్లుల్లి రసం పిండుతారు. ఒక్కొక్కరిది ఒక్కో రహస్యం, పక్కవాడు బతిమాలినా చెప్పరు. ముద్ద మెత్తగా ఉంటే విసరగానే గాలం నుంచి జారిపోతుంది. గట్టిగా ఉంటే చేప మూతి ఆనించి చూసి వెళ్ళిపోతుంది. ఇంకో డబ్బాలో తడిమట్టి మధ్య ఎర్రలు. చేతిలో కార్బన్ కర్ర, రీలు ఉన్నవాళ్ళూ వస్తారు. వెదురు కర్ర, నైలాన్ దారం, జొన్నదంటు బెండుతో సరిపెట్టుకునేవాళ్ళూ వస్తారు. ఒడ్డున ఇద్దరికీ ఒకటే మర్యాద. చేప కర్ర ఖరీదు చూసి పడదు.

పనితనమంతా బెండు కదలికను పసిగట్టడంలో ఉంది. టకటకా వణుకుతుంటే పరకలో, జిలేబి పిల్లలో ఎర కొరుకుతున్నట్టు. ఉన్నట్టుండి ఓ పక్కకి ఈడ్చుకుపోతే జెల్ల. మునగకుండా పైకి లేచి నీటి మీద అడ్డంగా పడుకుందంటే బంగారుతీగ వచ్చినట్టు. అది అడుగున బురదలో మూతి పెట్టి ఎరతో పాటు బరువుగుండును కూడా లేపడం వల్ల బెండు అలా తేలిపోతుంది. ఆ క్షణంలో కర్ర ఎత్తకపోతే ఎర ఉమ్మేసి పోతుంది. నీళ్ళలో వరసగా చిన్న బుడగలు లేస్తున్న చోట ఎర వేస్తాడంటే, అక్కడ అది మేస్తోందని అతనికి తెలుసు.

కొరమీను సంగతి వేరు. అది వేటాడి తినే చేప, పిండిముద్దల వైపు చూడదు. వానాకాలంలో ఒడ్డు పక్కన నీటి మీద ఎర్రగా పిల్లల మంద తేలుతూ కనిపిస్తే, కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతున్నాయని అర్థం. ఆ మంద మధ్యలో గాలం ఆడిస్తే కోపంతో వచ్చి కరుస్తుంది, పడి తీరుతుంది. అది పడ్డాక ఆ పిల్లలు మిగతా చేపలకి మేతే. అందుకే తెలిసినవాడు ఎర్రమంద దగ్గర గాలం వెయ్యడు, కొత్తవాడు వేస్తే ఊరుకోడు. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప అన్న సంగతి అతనికి తెలిసినా తెలియకపోయినా ఈ కట్టుబాటు మాత్రం తెలుసు. ఏ చట్టంలోనూ రాయకుండానే అమలవుతున్న నియమం ఇది.

ఎనిమిదింటికి సంఘం కాపలాదారు సైకిలు మీద వస్తాడు. "ఏం సారూ, ఏమన్న వడ్డయా?"

"రెండు జిలేబీలు, కాకా. బొచ్చెలు మీదనే తిరుగుతున్నయి గని ముడ్తలేవు."

"నీళ్ళ వాసన జూడు. మొన్నటి సంది గిట్లనే ఉంది."

ఇలాంటి మాటలు ప్రతి చెరువు దగ్గరా వారం వారం వినిపిస్తాయి. ఏ కాగితం మీదకీ ఎక్కవు.

వీటికి విలువ ఎందుకో తెలియాలంటే చెరువు లోపలికి చూడాలి. చేపల చెరువు మూడంతస్తుల ఇల్లు. పై అంతస్తులో బొచ్చె, మధ్యలో ఆంధ్రలో శీలావతి అని పిలిచే రోహు, అడుగున మృగాల, బంగారుతీగ. పిల్లలు వదిలేటప్పుడు మత్స్యశాఖ ఈ లెక్క ప్రకారమే కలిపి వదులుతుంది, ఒకదాని మేతకి మరొకటి పోటీ రాకుండా. గాలం వేసేవాడు ఎరను ఏ లోతున వేలాడదీయాలో తేల్చుకునేదీ ఈ లెక్కతోనే. కాబట్టి ఏ అంతస్తు ఖాళీ అవుతోందో అతనికి ముందు తెలుస్తుంది.

ఇంకో విషయం వేళ. పగలు నీటిమొక్కలు, నాచు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి అవే పీల్చుకుంటాయి. అందువల్ల పొద్దుపొడుపుకి కాస్త ముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మురుగు కలిసే చెరువులో నాచు ఇష్టమొచ్చినట్టు పెరుగుతుంది; మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు కూడా ఆక్సిజన్‌నే లాగేస్తాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తుంటాయి. ఆఫీసు వేళల్లో వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోతే ఆ అంకెలు బాగానే కనిపించవచ్చు, ఎందుకంటే అప్పటికి ఎండెక్కి నాచు మళ్ళీ పనిలోకి దిగింది. ఐదింటికి అక్కడ కళ్ళు తెరుచుకుని కూర్చున్నది మాత్రం గాలం వేసేవాడొక్కడే.

చెరువు పాడయ్యే వరస కూడా అతనికి కంఠతా వచ్చు. మొదట బొచ్చె, రోహు పడటం తగ్గుతుంది. తర్వాత మృగాల. ఎక్కడ చూసినా జిలేబీలే మిగులుతాయి. వాటి తర్వాత, నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగల మార్పులు, ఇంగిలాయిలు, కొరమీనులు. ఆఖరికి పెంచకూడదని నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలానికి పడటం మొదలైందంటే ఆ చెరువు పని అయిపోయినట్టే. ప్రయోగశాల లేకుండానే ఇంత తెలుసుకునేవాణ్ణి చెరువు దగ్గర నుంచి తరిమేస్తున్నాం.

పటాన్‌చెరు వైపు చూస్తే ఇది ఎంత నష్టమో తెలుస్తుంది. అక్కడి మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి వచ్చిన నీటిని పరీక్షించి స్వీడన్ పరిశోధకులు 2007లో ఒక పత్రం వెలువరించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ నీళ్ళు చేరిన వాగుల వెంట బతికిన ఊళ్ళవాళ్ళు మాత్రం అంతకు చాలా ఏళ్ళ ముందే, చేపలు పోయినప్పుడే, గొంతు చించుకున్నారు. ఆ ప్రాంతంలోనే ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. 2017 అక్టోబరులో, దానికి దగ్గర్లోని గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. ఒక చెరువుకి బిరుదు, పక్క చెరువుకి విషం. చేపలు చచ్చాక పరిహారం లెక్కలు వేస్తారు, నమూనాలు తీస్తారు, నోటీసులిస్తారు. చావకముందు నోరు విప్పేదెవరు? విప్పినా వినేదెవరు?

ఇంగ్లండులో ఈ పని గాలం వేసేవాళ్ళు చేశారు. అక్కడ సాల్మన్, ట్రౌట్ చేపలు పెద్దపెద్ద ఎస్టేట్ల గుండా పారే నదుల్లో దొరలకి. రోచ్, బ్రీమ్, పెర్చ్, టెంచ్ లాంటి మిగతా మంచినీటి చేపలు కాలవల్లో, కుంటల్లో, నిదానంగా పారే నదుల్లో సామాన్యులకి. షెఫీల్డ్‌లో చాకులూ కత్తెర్లూ తయారుచేసే కార్మికులు సెలవు దొరికితే రైలెక్కి లింకన్‌షైర్ దాకా గాలాలు పట్టుకుపోయేవారు. గుడ్లు పెట్టే కాలంలో కూడా చేపల్ని తోడేస్తున్నారని మొరపెట్టుకున్నది ఇలాంటివాళ్ళే. షెఫీల్డ్ ఎంపీ ముండెల్లా వాళ్ళ తరఫున 1878లో చట్టం తెచ్చాడు. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఆ చేపల వేట ఆపాలన్నది అందులోని నియమం. ఇంగ్లండు నదుల్లో ఆ విరామం ఇవాళ్టికీ ఉంది. జూన్ 16 పొద్దున ఒడ్లన్నీ పండగలా ఉంటాయి. మన తూర్పు తీరంలో సముద్ర వేటకి విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. వేట మళ్ళీ మొదలయ్యే తేదీల్లో తేడా ఒక్క రోజే. అయితే అక్కడ విరామం కావాలని పోరినవాళ్ళు చేపలతో పొట్టపోసుకునేవాళ్ళు కారు, ఆదివారం ముచ్చటకి పట్టేవాళ్ళు.

అంతకంటే పెద్ద ముచ్చట డెర్బీది. డెర్వెంట్ నదిలో చేపలు పట్టే హక్కు కొనుక్కున్న ఒక గాలాల సంఘం ఉండేది, పేరు ప్రైడ్ ఆఫ్ డెర్బీ. నదిలోకి బ్రిటిష్ సెలనీస్ అనే కంపెనీ రసాయనాలు వదిలేది. నగరపాలిక మురుగు వదిలేది. విద్యుత్ సంస్థ వేడినీళ్ళు వదిలేది. చేపలు పోయాయి. సంఘం, నది పక్క భూస్వామి ఒకరు కలిసి ముగ్గురి మీదా దావా వేశారు. 1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది ఇలాంటి కేసులు నడపడానికే గాలాలవాళ్ళ సహకార సంఘం ఒకటి పెట్టాడు. అది వెనక నిలబడింది. ఊరు పెరిగింది, మురుగు ఎక్కడికి పంపమంటారు అని నగరపాలిక వాదించింది. 1953లో అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. సర్దుకోవడానికి గడువిచ్చింది గాని, నదిని పాడుచెయ్యొద్దన్న నిషేధాజ్ఞను ఖాయం చేసింది. ఆ ధర్మాసనంలో ప్రసిద్ధ న్యాయమూర్తి డెన్నింగ్ కూడా ఉన్నాడు. మన లా కాలేజీల్లో చదివినవాళ్ళకి ఆ పేరు చెప్పక్కర్లేదు.

గాలాల సంఘం గెలిచింది చేపల మీద ప్రేమ చూపించి కాదు. ఆ నీళ్ళలో చేపలు పట్టే హక్కు దాని పేరున ఉంది. డబ్బు కట్టి సంపాదించుకున్న హక్కు. ఆ హక్కు దెబ్బతిన్నదని చూపించగలిగింది కాబట్టే కోర్టు తలుపు తెరుచుకుంది. మన గాలాలవాళ్ళకి రుసుం, కార్డు కావాలనడానికి అసలు కారణం ఇదే. హక్కులేనివాడి ఫిర్యాదు గాలికి పోతుంది. రశీదు ఉన్నవాడి ఫిర్యాదుకి కనీసం ఒక నంబరు పడుతుంది.

అక్కడివాళ్ళందరూ పుణ్యాత్ములని కాదు. వాళ్ళు వాడి పారేసిన చిన్న చిన్న సీసపు గుళ్ళు మింగి హంసలు చచ్చాయి. దాంతో 1987 నుంచి అలాంటి సీసపు బరువుల్ని బ్రిటన్ నిషేధించింది. మొదట గొణుక్కున్నా, తర్వాత వేరే లోహాలకి అలవాటు పడ్డారు. ఇవాళ ఇంగ్లండులో 13 ఏళ్ళు నిండినవాళ్ళు మంచినీటి చేపలకి గాలం వెయ్యాలంటే లైసెన్సు ఉండాలి, పిల్లలకి అది ఉచితం. పట్టిన చేపను తూకం వేసి, ఫొటో తీసి, నీళ్ళలో వదిలేస్తారు. మన బంగారుతీగే అక్కడి గాలాలవాళ్ళకి ఆరాధ్య దైవం. నార్తాంప్టన్‌షైర్‌లో బెన్సన్ అని పేరు పెట్టుకున్న ఒక ఆడ బంగారుతీగను అరవైసార్లకు పైగా పట్టి వదిలారు. సుమారు 29 కిలోల ఆ చేప 2009లో చనిపోతే పత్రికలు సంతాపం రాశాయి. ఇది కాస్త అతి అని తెలుగువాడికి అనిపిస్తే తప్పు పట్టలేం. మనమైతే మొదటిసారే పులుసు పెట్టుకునేవాళ్ళం.

ఇదంతా తెల్లవాళ్ళ తీరిక వ్యాపకమని కొట్టిపారెయ్యడానికి లేదు. కాకతీయులు ఒకప్పుడు ఎవరికి సామంతులుగా ఉన్నారో ఆ కల్యాణి చాళుక్యుల రాజు మూడవ సోమేశ్వరుడు, 1130 ప్రాంతంలో రాసిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం అని ఒక భాగమే పెట్టాడు. ముప్పైకి పైగా చేప రకాలు, ఏ చేపకి ఏ మేత, గాలం వేసే ముందు చేపల్ని ఒకచోటికి ఎలా అలవాటు చెయ్యాలి, దారం ఎలా పేనాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లండువాళ్ళు పవిత్ర గ్రంథంలా చూసుకునే ఐజాక్ వాల్టన్ పుస్తకం వచ్చింది 1653లో. అంటే ఐదు వందల ఏళ్ళ తర్వాత. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1887లో మన దేశపు చెరువుల్లో గాలం వెయ్యడం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. చెరువు, గాలం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. మధ్యలో ఆ రెంటినీ కలిపే ఏర్పాటే లేకుండా పోయింది.

పక్క రాష్ట్రంలో కావేరి మీద అలాంటి ఏర్పాటు కొన్నేళ్ళు నడిచింది. భీమేశ్వరి, గాలిబోరె శిబిరాల్లో మహాసీర్ చేపను పట్టి, తూచి, వదిలేసేవారు. ప్రతి చేప బరువూ, రకమూ పుస్తకంలో రాసేవారు. అభయారణ్యాల్లో గాలం కూడా వేటే అన్న వాదన మీద ఆ వ్యాపకం ఆగిపోయింది. ఆ తర్వాత శాస్త్రవేత్తలు గాలిబోరెలో 1998 నుంచి 2012 దాకా రాసిన పుస్తకాలు తిరగేశారు. కావేరిలో తప్ప ఎక్కడా లేని మూపురం మహాసీర్ పిల్లలు కనిపించడం ఎలా తగ్గిపోయిందో, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహాసీర్ ఎలా పెరిగిందో అందులో కళ్ళకి కట్టింది. 2018లో ఆ మూపురం చేప తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలోకి ఎక్కింది. ఆ పతనాన్ని ఏళ్ళ తరబడి నమోదుచేసినవి గాలం వేసేవాళ్ళు సాయంత్రం పూట చెట్టు కింద కూర్చుని రాసుకున్న లెక్కలే. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది. మంచి పనే. ఆ పిల్లల పక్కన మన పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు ఏమవుతున్నాయో చెప్పడానికి మాత్రం ఇలాంటి పుస్తకాలు మన దగ్గర ఏ చెరువు కట్ట మీద ఉన్నాయి?

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నిటికంటే బరువైనది మత్స్యకారులది, దాన్ని తేలిగ్గా చూడకూడదు. చెరువు మీద హక్కు గంగపుత్రులు, బెస్తలు, ముదిరాజుల సహకార సంఘాలది. వాళ్ళు శిస్తు కడతారు, పిల్లలు పెరిగేదాకా కాపలా కాస్తారు, ఎండాకాలం నీళ్ళు తగ్గాక వలలు లాగుతారు. మధ్యలో బైకేసుకుని వచ్చిన పట్నపువాడు మూడు కిలోల బొచ్చెను సంచిలో వేసుకుపోతే వాళ్ళకి కడుపు మండదా? మండుతుంది, న్యాయం కూడా. అందుకే కార్డు ఇవ్వాల్సింది ప్రభుత్వ కార్యాలయం కాదు, సంఘమే. రుసుం సంఘం ఖాతాలోనే పడాలి. రోజుకి వంద రూపాయలు పెట్టినా ఆదివారం పాతికమంది కూర్చుంటే కాపలాదారు కూలి గిట్టుబాటవుతుంది. పెంపుడు చేప పడి ఇంటికి పట్టుకెళ్ళాలంటే సంఘం ధర ప్రకారం తూకానికి డబ్బు కట్టాలి. లేదంటే వదిలెయ్యాలి. జిలేబీలకి మాత్రం తూకం లేకుండా చెయ్యొచ్చు. ఇబ్బడిముబ్బడిగా పెరిగి బొచ్చె, రోహు పిల్లల మేత తినేసే ఆ చేపను పట్టుకుపోతే సంఘానికి మేలే.

రెండోది చెత్త. తెగిన నైలాన్ దారం ముళ్ళపొదలకి చుట్టుకుని కొంగల కాళ్ళు తెగుతున్నాయి. సీసపు గుళ్ళు బురదలో పేరుకుంటున్నాయి. బిర్యానీ పొట్లాలు, ఖాళీ సీసాల సంగతి సరేసరి. ఇవి నిజాలు, గాలాలవాళ్ళు తలొంచుకుని ఒప్పుకోవాల్సినవి. కార్డు ఉన్నప్పుడే దాన్ని రద్దు చెయ్యడం కూడా కుదురుతుంది. దొంగచాటుగా వచ్చేవాడికి ఏ నియమం పెడతారు?

ఇక జీవహింస. చేపకి నొప్పి తెలుస్తుందా అన్న దాని మీద 2003లో బ్రిటన్‌లో ట్రౌట్ చేపల మీద జరిగిన పరిశోధన దగ్గర నుంచీ వాదోపవాదాలు నడుస్తున్నాయి. పట్టి వదలడమే నాగరికమని ఇంగ్లండు అంటుంది. తినే ఉద్దేశం లేకుండా సరదాకి చేపను పట్టడమే క్రౌర్యమని జర్మనీ చట్టం అంటుంది. రెండింటిలో జర్మనీ మాటే తెలుగువాడి మనసుకి దగ్గరగా ఉంటుంది. నీళ్ళు శుభ్రంగా ఉన్న ఊరి చెరువులో పట్టింది వండుకోవాలి. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే చెరువు చేపను మాత్రం నోట పెట్టకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు. వదిలేటప్పుడు తడిచేతులతో పట్టుకోవాలి, కొక్కేనికి ఉండే వెనక ముల్లును ముందే నొక్కేసుకోవాలి. ఇవి నేర్పడానికి అరగంట చాలు.

ప్రమాదాల మాటా ఉంది. మట్టి తవ్వుకుపోయిన గుంతల్లో, తూముల దగ్గర, మత్తడి దూకేచోట ఏటా పిల్లలు మునిగి చస్తున్నారు. ఎక్కడ కూర్చోవచ్చో, ఎక్కడ కూడదో సున్నం గీత గీసి చూపిస్తే కొన్ని ప్రాణాలైనా దక్కుతాయి. ఆ గీత గియ్యడానికీ చెరువు మీద ఒక పద్ధతంటూ ఉండాలి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన మనుషులు చెరువుల మీద తిరుగుతున్నారు. రాత్రిపూట బ్యాటరీ కరెంటు పెట్టేవాళ్ళు, తూటాలు పేల్చేవాళ్ళు, మందు కలిపేవాళ్ళు. తూటాలు, విషం వాడకూడదని 1897 నాటి భారత మత్స్య చట్టమే చెప్పింది. అప్పట్లో అందులో రాసిన శిక్ష రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఇన్నేళ్ళయినా ఆ చప్పుళ్ళు ఆగలేదంటే చూసేవాడు లేకనే. కట్ట మీద నలుగురు కార్డున్న మనుషులు కూర్చుంటే, వాళ్ళ దగ్గర సంఘం ఫోను నంబరుంటే, తూటా జేబులోంచి బయటికి రావడానికి జంకుతుంది.

కోనసీమ కాలవల మీద, బందరు కాలవ గట్ల మీద గాలం ఇప్పటికీ పిల్లల ఆటే. ఎండాకాలం కాలవలు కట్టేశాక గుంటల్లో మిగిలిన చేపల కోసం ఊరు ఊరంతా దిగుతుంది. అక్కడ కార్డులూ రుసుములూ పెట్టమని ఎవరూ అడగరు, పెట్టకూడదు కూడా. మాట్లాడుతున్నది పట్నాల చుట్టూ చిక్కుకుపోయిన చెరువుల గురించి. శిఖం భూముల్లో కాలనీలు లేచిన చెరువులు, మురుగు తూములు కలిసిన చెరువులు, హద్దురాళ్ళు రాత్రికి రాత్రి జరిగే చెరువులు. హైదరాబాదు, వరంగల్, విజయవాడ, విశాఖ శివార్లలో ఇలాంటి వాటికి కొదవలేదు. చేపలతో బతికే కుటుంబాలు అక్కడ రోజురోజుకీ తగ్గుతున్నాయి. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ చెరువు ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని చెరువు ఎవరి పాలవుతుందో అందరికీ తెలుసు.

రెండు రాష్ట్రాల మత్స్యశాఖలూ పెద్ద పథకాలేమీ ప్రకటించనక్కర్లేదు. వానలకి చేపలు గుడ్లు పెట్టే జూన్, జూలై, ఆగస్టు నెలలు వదిలేసి, సెప్టెంబరులో ఒక్కో నగరం పక్కన ఒక్కో చెరువును ఎంచుకోవాలి. అక్కడి సంఘాన్ని ఒప్పించి, కార్డులు అచ్చేసి, కట్ట మీద ఒక లెక్కల పుస్తకం పెట్టాలి. తేదీ, వేళ, పడిన చేప, బరువు, నీళ్ళ రంగు, వాసన. ఏడాది తర్వాత ఆ పుస్తకాన్ని కాలుష్య నియంత్రణ మండలి లెక్కల పక్కన పెట్టి చూడాలి. పనికిరాదనిపిస్తే మానెయ్యొచ్చు, పోయేదేమీ లేదు.

గాలం వేసేవాళ్ళకి కూడా ఒక మాట. సర్కారు కదిలేదాకా ఆగక్కర్లేదు. మీరు వెళ్ళే చెరువు ఏ సంఘం చేతిలో ఉందో కనుక్కోండి. అధ్యక్షుడి దగ్గరికి నలుగురు కలిసి వెళ్ళండి. రోజుకి ఎంత ఇమ్మంటారో అడిగి, డబ్బు కట్టి, రశీదు తీసుకోండి. వచ్చే ఆదివారం పిండిడబ్బాతో పాటు ఒక నోటు పుస్తకం కూడా సంచిలో వేసుకోండి.